చెరువు కూరలు, దుంపలు: ఏరడం నుంచి వండడం దాకా

తూటికూర, పొన్నగంటి, కలువ దుంప, సంబరేణి, వీటిలో ఏదైనా సరే, తినదగిందా కాదా అన్నది అది పెరిగిన నీళ్ళను బట్టి తేలుతుంది. నీటి మొక్కలు వేళ్ళతోపాటు మునిగి ఉన్న కాడలు, ఆకులతో కూడా నీళ్ళలో ఉన్నదంతా పీల్చుకుంటాయి. కాడ్మియం, సీసం, క్రోమియం లాంటి లోహాలు నీళ్ళలో కాస్త ఉన్నా మొక్కలో పోగుపడతాయి. మురుగునీటిని శుభ్రం చేయడానికి ఇలాంటి మొక్కల్నే పెంచి చూస్తున్నది అందుకే. ఉడికిస్తే పురుగూ పుట్రా చస్తాయి, లోహాలు మాత్రం కూరలోనే ఉంటాయి. కాబట్టి కొడవలి తీసే ముందు చెరువు చుట్టూ ఒకసారి తిరిగి రండి.

నీరు ఎటునుంచి వస్తోంది?

నీరు తేటగా ఉంది కదా అని మోసపోకండి. లోహాలకు రంగూ వాసనా ఉండవు. చెరువులోకి వచ్చే ప్రతి కాలువనూ పైకి కొంత దూరం నడిచి చూడాలి. ఊరి మురుగు కలుస్తోందా, లారీలు కడిగే చోటు ఉందా, రంగుల పరిశ్రమో బ్యాటరీలు కరిగించే కొట్టమో ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది. వీటిలో ఒక్కటున్నా ఆ చెరువు వదిలేయండి. మూసీ వెంబడి, హుస్సేన్ సాగర్ లాంటి నగరపు చెరువుల్లో ఏరే మాటే వద్దు. చేపల చెరువుల నుంచి వదిలిన నీరు పారే బోదెల్లో మొక్క బాగా ఏపుగా ఉంటుంది. ఆ ఏపు మేతల వల్ల, ఎరువుల వల్ల వచ్చింది. ఆ నీళ్ళలో మందులూ ఉంటాయి.

వరి మడి గట్ల మీద పొన్నగంటి, సరస్వతి ఆకు బాగా దొరుకుతాయి. ఆ రైతును అడగకుండా కోయకండి. కలుపు మందో పురుగు మందో కొట్టి ఉంటే ఆ పంట కాలమంతా ఆ గట్టు జోలికి పోకపోవడమే మంచిది. నీటిమీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు చిక్కటి తెట్టె కనిపిస్తే అది నీలి ఆకుపచ్చ నాచు. దానిలో కొన్ని రకాల విషం మరిగించినా విరగదు.

చెరువు ఎవరిదో కూడా కనుక్కోండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, కొన్నిచోట్ల తామర పూలకు పాట కూడా పెడతారు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా మొక్క పీకడం నేరం.

నీళ్ళలో దిగేటప్పుడు

ఒంటరిగా దిగవద్దు. పూడిక తీసిన చెరువుల్లో మోకాలి లోతున నడుస్తుండగానే నిలువు లోతు గుంట తగులుతుంది. కర్రతో అడుగు పొడుచుకుంటూ కదలండి. కాళ్ళకు పుండు, పగుళ్ళు ఉంటే దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి ఎలుక జ్వరం ఇలాంటి చోట్లనుంచే ఒంట్లోకి చేరుతుంది. రబ్బరు బూట్లు ఉంటే వేసుకోండి. జలగ పట్టుకుంటే లాగేయకుండా, సన్నటి కొస దగ్గర గోరు ఆనించి పక్కకు జరిపితే పట్టు వదులుతుంది.

కడగడం, ఉడికించడం: అన్నిటికీ ఒకటే నియమం

ఫ్లూక్ అనే బల్లపరుపు పురుగులు కొన్ని నత్తల్లో పెరిగి, బయటికొచ్చి, నీటి మొక్కల కాడలకు, ఆకులకు, కాయల తొక్కకు కంటికి కనిపించని తిత్తులుగా అంటుకుంటాయి. పచ్చిగా తిన్నవాళ్ళ పేగుల్లోనో కాలేయంలోనో చేరి బతుకుతాయి. సింగాడా అనే చెరువు కాయను పళ్ళతో ఒలవడం వీటికి రాచబాట లాంటిది. ఉప్పునీళ్ళు, పసుపు, వెనిగర్ ఈ తిత్తులను నమ్మకంగా చంపవు. మరిగే నీళ్ళు చంపుతాయి.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు పారే నీళ్ళలోనో, మార్చి మార్చి మూడు బకెట్లలోనో బురద పోయేదాకా కడగాలి. తర్వాత రెండు లీటర్ల నీళ్ళలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి పది నిమిషాలు ముంచితే చిన్న జలగలు, నత్తపిల్లలు విడిపోయి అడుక్కు చేరతాయి. ఉప్పునీళ్ళ పని అంతవరకే. ఆకును పైకి ఎత్తి తీయండి. గిన్నె వంచితే అడుగున చేరిందంతా మళ్ళీ ఆకులోకే వస్తుంది. ఆ తర్వాత తప్పకుండా ఉడికించాలి. సలాడ్లు, పచ్చి రసాలు చెరువు మొక్కలతో వద్దు.

తూటికూర

నీటిమీద పాకుతూ తేలే తీగ. కాడ లోపల బోలుగా ఉంటుంది, విరిస్తే కాస్త పాలు వస్తాయి, కణుపు కణుపుకీ వేళ్ళు దిగుతాయి. ఆకు బాణం మొనలా ఉంటుంది, పువ్వు గరాటులా తెల్లగానో లేత ఊదాగానో ఉంటుంది. దీనికి చుట్టరికం ఉన్న విషపు మొక్క లొట్టపీసు. చెరువు గట్టు మీద నిటారుగా, ఆరేడు అడుగుల పొద. కాడ ముదిరితే కట్టెలా గట్టిపడుతుంది, ఆకు హృదయాకారంలో ఉంటుంది, పువ్వు పెద్దది, గులాబీ రంగు. మేకలు అలవాటుపడి తింటే నరాలు దెబ్బతిని తూలుతూ చస్తాయి. రెండూ పక్కపక్కనే పెరుగుతాయి కాబట్టి పిల్లలను కోసుకురమ్మని పంపకండి.

కొస నుంచి జానెడు మాత్రమే కోయండి. గోరుతో నొక్కితే టప్పున విరిగే చోటు వరకే లేతది. అక్కడినుంచి కిందికి పీచు. నీటిపైన మూడు నాలుగు వేళ్ళ కాడ వదిలేస్తే కణుపుల నుంచి రెండు మూడు వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది. వానాకాలం మొదట్లో వచ్చే చిగురు రుచి వేరు. పూత పట్టాక వగరు పెరుగుతుంది.

ప్రతి కాడనూ నిలువునా చీల్చి కడగాలి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. బోలులో బురద, నత్తగుడ్లు, ఒక్కోసారి జలగ ఉంటాయి. ముక్కలుగా అడ్డంగా కోస్తే ఎంత కడిగినా లోపలిది లోపలే ఉంటుంది.

పప్పుకు నలుగురికి 150 గ్రాముల కందిపప్పు, కోసిన కూర 250 గ్రాములు. పప్పు విడిగా ఉడికించుకోండి. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లేటప్పుడు ముందు కాడలు, రెండు నిమిషాల తర్వాత ఆకులు వేసి, మూడు నిమిషాలు మూత లేకుండా ఉడికించి వార్చండి. పప్పులో కలిపి పచ్చిమిర్చి వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచాక చివర్లో చింతపండు పులుసు పోయాలి. పులుపు ముందే పడితే కాడ మెత్తబడదు, ఆకు ఖాకీ రంగుకు తిరుగుతుంది. రెండింటికీ కారణం ఆమ్లమే. వేపుడుకైతే వార్చిన కూరను పిండి, నూనెలో వెల్లుల్లి నాలుగు రెబ్బలు చిదిమి వేసి పెద్ద మంట మీద మూడు నిమిషాలు. మంట తక్కువైతే నీరు వదిలి ముద్దవుతుంది.

తూటికూర మలబద్ధకాన్ని సడలిస్తుందన్నది పాత మాట, పీచు ఎక్కువ కాబట్టి నమ్మదగిందే. పాత వైద్యంలో నల్లమందు విషానికి దీని రసంతో వాంతి చేయించేవారు. విషం మింగినవాళ్ళకు ఇప్పుడు ఆ పని చేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పొన్నగంటి

ఆకులు ఎదురెదురుగా, కణుపుల దగ్గర చిన్న తెల్లటి పూలగుత్తులు కాడ లేకుండా అంటుకుని ఉంటాయి. ఆ 'కాడ లేకుండా' అన్నదే గుర్తు. అచ్చం ఇలాగే ఉండే దక్షిణ అమెరికా కలుపు ఒకటి మన కాలువల్లో చేరింది. దానికి తెల్లటి గుండ్రటి పూలబంతి రెండు మూడు సెంటీమీటర్ల కాడ చివర నిలబడుతుంది, ముదురు కాండం గొట్టంలా బోలుగా ఉంటుంది. మురుగునీళ్ళలో కూడా దట్టంగా అల్లుకునేది అదే, లోహాలను బాగా పట్టి ఉంచేదీ అదే. పూత లేనప్పుడు రెంటికీ తేడా పట్టడం కష్టం, అలాంటప్పుడు కోయకండి.

ఈ ఆకులో ఆక్సలేట్లు (మూత్రపిండాల్లో రాళ్ళకు దారితీసే లవణాలు) ఎక్కువ. ఆకు మునిగి తేలేంత నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే చాలా భాగం పోతాయి. 'సారం పోతుంది' అని ఆ నీళ్ళను చారు పెట్టుకోవడం మూత్రపిండాల్లో రాళ్ళున్నవారికి బొత్తిగా పనికిరాదు. వారు ఈ కూర అరుదుగా తినడమే నయం.

కంటికి మంచిదన్న పేరు వట్టిది కాదు. విటమిన్ ఏగా మారే కెరోటిన్ ఉంది. అది ఒంటబట్టాలంటే కొవ్వు కావాలి, కాబట్టి నూనె లేకుండా ఉడికించి తింటే సగం ఫలితం దక్కదు. 100 గ్రాముల పెసరపప్పుకు 250 గ్రాముల ఆకు, రెండు చెంచాల నూనెలోనో నేతిలోనో పోపు. పెసరపప్పు పలుకుగా ఉండగానే దించండి. విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటికి ఇలాంటి ఆకుకూరలు మేలు చేస్తాయి. శుక్లాలు మాత్రం పొన్నగంటితో కరగవు, ఆకు రసం కంట్లో పిండితే ఇన్ఫెక్షన్ వస్తుంది. బాలింతలకు పాలు పడతాయని పెట్టడం ఆనవాయితీ. బాగా ఉడికించి పెడితే ఆహారంగా మంచిదే.

కలువ, తామర

ముందు రెంటినీ విడదీయండి. కలువ ఆకు నీటిమీద పరుచుకుంటుంది, కాడ దగ్గర చీలిక ఉంటుంది. తామర ఆకుకు చీలిక ఉండదు, ముదిరాక నీటికి పైకి లేస్తుంది, నీటిబొట్టు దానిమీద దొర్లిపోతుంది. మధ్యలో షవర్ తలలాంటి గింజల బుడిపె ఉంటే అది తామరే. కలువ కాయ నీళ్ళ లోపల పండుతుంది.

కలువ దుంపలు చెరువు ఎండే వేసవిలో తవ్వాలి. ఆకులున్నప్పుడు దుంపలోని పిండి ఆకులకూ పూలకూ పోతుంటుంది. అప్పుడు తవ్వితే నీరుబోసినట్టు ఉంటుంది. బురద ఇంకా తడిగా, అడుగు దిగబడే స్థితిలో ఉండగా పాత కాడల మోళ్ళు పట్టుకుని వేళ్ళతో వెతికితే నల్లటి పెచ్చుతో చిన్న దుంపలు చిక్కుతాయి. మూడింట ఒక వంతు భూమిలోనే వదిలేయండి, వచ్చే ఏడు పూత దానిమీదే.

పెచ్చుతోనే ఉడికించాలి. పచ్చిగా ఉండగా చెక్కితే సగం దుంప పెచ్చుతో పోతుంది. అరగంట ఉడికాక ఆ నల్లటి నీళ్ళు పారబోసి, పెచ్చు తీసి, కొరికి చూడండి. నాలుక పట్టేస్తే కొత్త నీళ్ళలో ఇంకో పది నిమిషాలు. ఆ వగరు టానిన్లది, రెండో నీళ్ళకు చాలావరకు దిగిపోతుంది. తర్వాత కూరకైనా పులుసుకైనా చేమదుంపల మాదిరే. నిల్వకు సగం ఉడికిన దుంపలను పలుచటి బిళ్ళలుగా కోసి మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. వంచితే ఫట్‌మని విరగాలి. వంగిందంటే లోపల చెమ్మ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. దంచిన పిండి రెండు చెంచాలు చన్నీళ్ళలో కలిపి, గ్లాసుడు మరిగే నీళ్ళలో పోస్తూ కలిపితే జావ. పిండిని నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది.

కలువ కాడల్లోనూ కూర ఉంది. బెత్తెడు ముక్కలుగా విరుస్తూ పై పొరను ఈనెలతో సహా లాగేయాలి. ఈ పొర ఉంటే నోట్లో దారాలు. నూనెలో మగ్గించేటప్పుడు నీళ్ళు పోయకండి, వాటి నీరే వాటికి చాలు.

గింజలు ఓపిక ఉన్నవాళ్ళకు. పూవు వాడి కాడ నీళ్ళలోకి ఒంగిన తర్వాత కాయను నొక్కి చూడండి. మెత్తగా తగిలి, ఇంకా పగలకుండా ఉండాలి. ఒక్కరోజు ఆలస్యమైతే పగిలి గింజలు నీటిపాలు. కాయలను బకెట్ నీళ్ళలో మూడు రోజులు మగ్గబెడితే గుజ్జు కుళ్ళుతుంది. వాసనకు ఓర్చుకోవాలి, కాబట్టి పెరట్లో దూరంగా పెట్టండి. చేతులతో పిసికి కడిగితే గుజ్జు తేలిపోతుంది, ఆవాల కన్నా చిన్న గింజలు అడుగున మిగులుతాయి. బాగా ఎండబెట్టి, కాలిన ఇసుకలో వేయిస్తే పేలాలవుతాయి. పేలకుండా మాడుతుంటే గింజలో తడి ఎక్కువో, ఇసుక కాగకపోవడమో.

తామర దుంప తవ్వేటప్పుడు రెండు చివర్ల కణుపులు తెగకుండా తీయాలి. దాని లోపలి గొట్టాలు కణుపుల దగ్గర మూసుకుని ఉంటాయి. మధ్యలో విరిగితే బురద లోపలికి పాకుతుంది, ఇక కడగడం తరం కాదు. పైన శుభ్రంగా తోమాకే కోయండి. కోసిన వెంటనే నల్లబడుతుంది కాబట్టి లీటరు నీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి అందులో వేస్తూ పోవాలి. ఇనుప కత్తి, ఇనుప మూకుడు వాడితే నలుపు ఇంకా ముదురుతుంది. కుక్కర్లో మూడు కూతలకు కరకర తగ్గకుండా ఉడుకుతుంది.

తామర గింజలు ఆకుపచ్చగా ఉన్నప్పుడే వలిచి, మధ్యలోని పచ్చటి మొలకను తీసేసి ఉడికించి తినాలి. ఆ మొలక చేదు. నల్లగా గట్టిపడ్డాక పెంకు నీటిని లోపలికి రానివ్వదు, రాత్రంతా నానబెట్టినా గింజ రాయిలాగే ఉంటుంది. చైనాలో ఎండిన సరస్సు మట్టిలో దొరికిన సుమారు 1,300 ఏళ్ళ నాటి తామర గింజ మొలిచిందంటే ఆ పెంకు ఎంత గట్టిదో ఊహించుకోండి. కాబట్టి ముందు పెంకు పగలగొట్టి, పప్పును నాలుగు గంటలు నానబెట్టాలి. తామర గింజలంటూ ప్యాకెట్లలో అమ్మే తెల్లటి పేలాలు వేరే ముళ్ళ నీటిమొక్కవి, బీహార్ మిథిల మఖానా. తామర పప్పుతో అవి చేయబోతే రావు.

తామర పప్పు విరేచనాలను కడుతుందని వాడకం. జావలో వేసి ఇవ్వొచ్చు, ఓఆర్ఎస్ మానకూడదు. మలబద్ధకం ఉన్నవారు తగ్గించాలి.

సంబరేణి, సరస్వతి ఆకు, గుంటగలగర

బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు తిరుగుతుంటాయి. సంబరేణి ఆకులు చిన్నవి, మందంగా, గరిటె ఆకారంలో ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు లేత ఊదా, నమిలితే చేదు. సరస్వతి ఆకు గుండ్రంగా, అంచు నొక్కులతో, పొడుగు కాడ మీద ఉంటుంది. జ్ఞాపకశక్తి మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు ఎక్కువగా సంబరేణి సారంతో, రోజుకు 300 మిల్లీగ్రాములు, పన్నెండు వారాలు. ఫలితం ఉంది, అయితే కొద్దిపాటిదే. చెరువు ఆకు పిడికెడు నూరుకుంటే ఆ మోతాదు వస్తుందనుకోవద్దు. పరగడుపున తింటే వికారం, నీళ్ళ విరేచనాలు వస్తాయి. లోహాలను పోగేసే మొక్కల్లో ఇదొకటి కాబట్టి రోజూ వాడదలిస్తే ఇంట్లో పెంచుకున్నదే వాడాలి. సరస్వతి ఆకును నూనెలో వేయించి పచ్చడి చేయండి, వారానికి ఒకటి రెండుసార్లు. నెలల తరబడి మాత్రలుగా మింగినవారిలో కాలేయం వాచిన సందర్భాలున్నాయి.

తలనూనెకు సంబరేణి గానీ గుంటగలగర గానీ తీసుకోండి. పాత లెక్క: ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, రసం 16 వంతులు. అంటే 100 మిల్లీలీటర్ల నువ్వులనూనెకు 400 మిల్లీలీటర్ల ఆకు రసం, 25 గ్రాముల నూరిన ముద్ద. ఆకు కిలో దాకా పడుతుంది. అడుగు మందమైన గిన్నెలో సన్నటి సెగ మీద గంటన్నర, రెండు గంటలు కాచాలి. రసం ఇగిరాక ముద్దను వేళ్ళతో నలిపి చూడండి, వత్తిలా చుట్టుకోవాలి. నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. చిటపటలాడితే తడి ఉంది, ఆ నూనె వారంలోనే పాడవుతుంది. ముద్ద నల్లగా గరగరలాడితే మాడినట్టే. నూనె కాగినప్పుడు నురగ లేస్తుంది, అదే నేతితో కాస్తే నురగ అణుగుతుంది. వేడి తగ్గాక పొడిబట్టలో వడకట్టండి.

నీటిగొబ్బి

కణుపు చుట్టూ పసుపు ముళ్ళు, ఊదా పూలు. ముళ్ళు గట్టిపడకముందు లేత ఆకు కూర చేసుకోవచ్చు. గింజల కోసం ఎండిన మొక్కను కోసి బట్టమీద కర్రతో కొట్టాలి, తోలు చేతితొడుగులు ఉండాలి. గింజలు కడగకండి, తడి తగలగానే జిగురుగా ముద్దకడతాయి. అర చెంచా గింజలు గ్లాసు పాలలో నానబెట్టి తాగుతారు, పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడతాయి. మూత్రం జారీ కావడానికి కషాయం వాడుక. మూత్రపిండాల జబ్బు, బీపీ మాత్రలు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా తాగకూడదు.

ముట్టకూడనివి

అంతరతామర నోరు, గొంతు దురదపుట్టిస్తుంది, లోపల సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలున్నాయి. గట్టు వెంబడి పెరిగే అడవి చేమదీ అదే గుణం. గుర్రపుడెక్క మురుగును పీల్చడంలో అందరికన్నా ముందుంటుంది, దాన్ని కూరలోకి తేవద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారు ఏ ఆకుకూరనూ ఉన్నట్టుండి ఎక్కువ చేయకూడదు, ఆకుల్లోని విటమిన్ కె మాత్ర పనిని తగ్గిస్తుంది.

మంచి చెరువు దొరకనప్పుడు

తూటికూర, పొన్నగంటి, సంబరేణి మూడూ తొట్టిలో వస్తాయి. అడుగు లోతు తొట్టిలో సగం దాకా చెరువుమట్టి కాకుండా తోటమట్టి, పశువుల ఎరువు 3:1 పాళ్ళలో నింపండి. రెండు మూడు కణుపులున్న కాడముక్కలను ఒక కణుపు మట్టిలోకి పోయేలా గుచ్చి, మట్టిపైన రెండు వేళ్ళ నీళ్ళు నిలపండి. సంబరేణికి నీళ్ళు నిలవనక్కర్లేదు, మట్టి తడిగా ఉంటే చాలు. పది రోజుల్లో వేళ్ళు పడతాయి. చెరువు నుంచి తెచ్చిన కాడలను బాగా కడిగి నత్తలన్నీ తీసేయాలి, లేకపోతే ఫ్లూక్ పురుగు కూడా తొట్టిలోకి వస్తుంది. దోమలకు రెండు గప్పీ చేపలు వదలండి. మొదటి కోత తూటికూరకు నాలుగైదు వారాలకు, అప్పటికి చెరువు నుంచి తెచ్చిన పాత ఆకులన్నీ రాలిపోయి కొత్త చిగురే మిగులుతుంది. కత్తిరించి పారేసే ముక్కలను కాలువలో వేయకండి. కణుపు ఉన్న ప్రతి ముక్కా పొలాల్లోకి కొట్టుకుపోయి మొలుస్తుంది. ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.